బ్యాండ్ లేకుండా ఒక్కరే పాడి హాలుని నిలబెట్టడం: సిల్వానా ఎస్త్రాదా దగ్గర ఏం గమనించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు హైదరాబాద్‌లో సొంత పాటలు రాసుకుని, గిటార్ పట్టుకుని కేఫ్‌లలో పాడుతున్నారు. మెక్సికో గాయని సిల్వానా ఎస్త్రాదా లైవ్ వీడియోలు చూశారు. నాలుగు తీగల చిన్న వాయిద్యం, ఆమె గొంతు, అంతే. అయినా హాలంతా కదలకుండా వింటోంది. మీరు పాడితే రెండో పాటకే టేబుళ్ల దగ్గర కబుర్లు మొదలవుతున్నాయి. ఆమె ఏం చేస్తోంది, మీరు బ్యాండ్ పెట్టుకోవాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. బ్యాండ్ ఇప్పుడే వద్దు. ఆమె హాలుని పట్టుకుంటున్నది వాయించిన దానితో ఎంతో, వాయించకుండా వదిలేసిన ఖాళీతో కూడా అంతే. ఆ ఖాళీ పనిచెయ్యాలంటే గొంతు అన్నిటికన్నా ముందుండాలి, ప్రతి మాటా వినపడాలి, గది అందుకు సహకరించాలి. మీరు రాసినదాన్ని బట్టి మీ ఇబ్బంది పాటలో కన్నా గదిలోనూ గిటార్ బేస్‌లోనూ ఎక్కువ ఉందనిపిస్తోంది.

నేను టెక్సస్‌లో ఒక చిన్న హాల్లో లైవ్ సౌండ్ చూస్తాను. మెక్సికో నుంచి అమెరికా టూర్‌కి వచ్చే కొత్త గాయకులు శాన్ ఆంటోనియో, ఆస్టిన్, హ్యూస్టన్ మీదుగా వెళ్తూ ఇలాంటి హాళ్లలో పాడతారు. సిల్వానాకి నేను మిక్సింగ్ చెయ్యలేదు, ఆమెని ప్రేక్షకుల్లో కూర్చునే విన్నాను. కానీ ఆమె తరంలో ఒంటరిగా స్టేజి ఎక్కేవాళ్లకి చాలామందికి పనిచేశాను. కింద చెప్పేది ఆ అనుభవంతోనే.

ముందు ఆమె ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం తెలియాలి, లేకపోతే ఆ పాడే తీరు ఆకాశంలోంచి ఊడిపడినట్టు ఉంటుంది. సిల్వానా 1997లో వెరాక్రూస్ రాష్ట్రంలోని కోఆతెపెక్‌లో పుట్టింది. కాఫీ తోటలకి పేరున్న ఊరు. నతాలియా లఫోర్కాద్ పెరిగింది కూడా ఆ ఊళ్లోనే. సిల్వానా తల్లిదండ్రులు తీగవాయిద్యాలు తయారుచేసేవాళ్లు, కాబట్టి చెక్క, జిగురు, తీగలు తెలిసిన ఇల్లు. పక్కనే ఉన్న హలాపాలో వెరాక్రూస్ విశ్వవిద్యాలయంలో జాజ్ చదువుకుంది. అమెరికన్ గిటారిస్ట్ చార్లీ హంటర్‌తో కలిసి 2017లో ఒక ఆల్బమ్ చేసింది. 2022లో 'మర్చీతా' ఆల్బమ్ వచ్చింది. అదే ఏడాది లాటిన్ గ్రామీలో ఉత్తమ నూతన కళాకారుల అవార్డుని, 95 ఏళ్ల ఆంహెలా ఆల్వారెస్‌తో కలిసి పంచుకుంది. అంటే 'కొత్త గాయని' అని ప్రపంచం పిలిచేనాటికే ఆమె చిన్న చిన్న గదుల్లో ఏళ్ల తరబడి పాడి ఉంది. ఆ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మీరు వీడియోలో చూస్తున్న హాలు ఆమె కోసం టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ల హాలు. మీ కేఫ్‌లో వాళ్లు కాఫీకి వచ్చారు. రెండూ ఒకటి కాదు, అందుకు మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోవద్దు.

ఇప్పుడు ఆ చిన్న వాయిద్యం. అది వెనెజువెలా క్వాత్రో. నాలుగు నైలాన్ తీగలు, ఎ, డి, ఎఫ్ షార్ప్, బి అని శ్రుతి చేస్తారు. విచిత్రం ఏమిటంటే చివరి బి తీగ పైకి వెళ్లదు, ఎఫ్ షార్ప్ కన్నా కిందికి దిగుతుంది. అంటే తెరిచి వాయిస్తే నాలుగు స్వరాలూ ఒకే స్థాయి లోపల దగ్గరదగ్గరగా ఉంటాయి. అన్నిటికన్నా మంద్రంగా ఉన్న తీగ 220 హెర్ట్జ్, అంటే సెకనుకి 220 కంపనాలు; అంకె తగ్గేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది. మీ గిటార్‌లో లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. మీ ప్రశ్నకి సగం జవాబు ఈ రెండు అంకెల మధ్య ఉంది.

కేఫ్ లాంటి గదుల్లో 100 నుంచి 250 హెర్ట్జ్ దాకా ఉన్న శబ్దం గోడల మూలల్లో పోగవుతుంది. గాజు తలుపులు, గచ్చు నేల, తక్కువ ఎత్తు కప్పు ఉంటే ఇంకా ఎక్కువ. మీ గిటార్ పికప్ (తీగల శబ్దాన్ని అందుకుని స్పీకర్‌కి పంపేది) నుంచి వచ్చేది అక్కడే బుంయ్‌మని ఊగుతుంది. గొంతు దానికింద పడిపోతుంది. మాట అర్థంకాని పాటని జనం రెండు నిమిషాలు మర్యాదకి వింటారు, తర్వాత పక్కవాళ్లతో మాట్లాడుకుంటారు. అది మీ పాట మీద తీర్పు కాదు, చెవి అలసిపోయి చేసే పని. క్వాత్రోకి 220 హెర్ట్జ్ కింద స్వరాలే లేవు. కింద అంతా ఖాళీ. ఆ ఖాళీలో గొంతు తాలూకు ఛాతీ బరువు పూర్తిగా వినపడుతుంది. సిల్వానా గొంతు అంత పెద్దదిగా అనిపించడానికి ఆమె గొంతే కారణం, సందేహం లేదు, కానీ దాన్ని అడ్డుకునేది ఏదీ లేకపోవడం కూడా కారణమే.

అలాగని గిటార్ అమ్మేసి క్వాత్రో కొనమని చెప్పడం లేదు. గిటార్‌ని పైకి జరపండి. రెండో ఫ్రెట్ మీదో నాలుగో ఫ్రెట్ మీదో కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్) పెట్టి, సన్నని నాలుగు తీగల మీదే వాయించే చరణాలు కొన్ని తయారుచేసుకోండి. మిక్సర్‌లో గిటార్‌కి లో కట్‌ని (కింది శబ్దాన్ని కోసేసే ఫిల్టర్) 120 నుంచి 150 హెర్ట్జ్ దాకా పెంచమని అడగండి. ఇంట్లో ఒంటరిగా వింటే గిటార్ సన్నగా అనిపిస్తుంది. హాల్లో గొంతుతో కలిస్తే అదే సరైన లావు. పల్లవిలో ఎక్కడో ఒక్కచోట లావు తీగ మోగించండి, అప్పుడు దానికి విలువ వస్తుంది.

క్వాత్రోలో ఇంకొకటి ఉంది. కుడిచేత్తో తీగల్ని మీటుతూనే అరచేత్తో టక్కున ఆపే దెబ్బలు వేస్తారు. అదే డ్రమ్ము పని చేస్తుంది. ఆరు మాత్రల నడకని ఒకసారి రెండు మూడులుగా, ఇంకోసారి మూడు రెండులుగా విడగొట్టి వాయించడం అక్కడి సంగీతంలో రక్తంలో ఉంటుంది. చెయ్యి ఒకలా నడుస్తుంటే గొంతు ఇంకోలా నడుస్తుంది. అందువల్ల ఒక్క మనిషి వాయిస్తున్నా లోపల ఇద్దరున్నట్టు ఉంటుంది. మీరు మొదటి నుంచి చివరిదాకా ఒకే స్ట్రమ్మింగ్‌తో పాడుతుంటే అది కూడా కబుర్లకి దారి ఇస్తుంది. ఒక చరణంలో చెయ్యి పూర్తిగా ఆపేసి పాడి చూడండి. ఆపడం కష్టం, భయం వేస్తుంది. కానీ నేను సౌండ్ బోర్డు దగ్గర నిలబడి చూసిన దాంట్లో, గిటార్ ఆగిన క్షణంలో తల ఎత్తని మనిషి దాదాపు ఉండడు.

ఈ ధైర్యం మెక్సికోలో ఈనాటిది కాదు. చావేలా వర్గాస్ పేరు మీరు వినే ఉంటారు. 1919లో కోస్తారికాలో పుట్టి, మెక్సికోలో స్థిరపడి, 2012లో అక్కడే చనిపోయింది. రంచేరా అనే మెక్సికో సంప్రదాయ పాటలంటే ట్రంపెట్లూ వయొలిన్లూ ఉన్న మరియాచీ బృందంతో పాడేవాళ్లు. ఆమె ఆ బృందాన్ని తీసేసి ఒకటి రెండు గిటార్లతో, నడక బాగా తగ్గించి పాడింది. మగవాళ్లు ఆడవాళ్ల కోసం పాడుకునే పాటల్ని మాట మార్చకుండా పాడింది. 2003లో, ఎనభై దాటిన వయసులో, న్యూయార్క్ కార్నెగీ హాల్లో పాడింది. ఇవాళ మెక్సికోలో గిటార్‌తో ఒంటరిగా స్టేజి ఎక్కే ప్రతి అమ్మాయికీ ఆమె దారి వేసి పెట్టింది. అక్కడి ప్రేక్షకులకి కూడా అలా వినడం అలవాటు చేసింది. మీరు ఆమె లైవ్ రికార్డింగులు వినండి. మాటకీ మాటకీ మధ్య ఎంతసేపు ఆగుతుందో చూడండి. మామూలుగా ఎవరైనా గిటార్‌తో నింపేసే చోట ఆమె ఊరికే ఉంటుంది.

రెండో వేరు వెరాక్రూస్ జానపదం, సోన్ హరోచో. ఫందాంగో అనే రాత్రి కూడికలో మధ్యలో తరీమా అనే చెక్క వేదిక ఉంటుంది, దాని మీద కాళ్లతో తాళం వేస్తూ నాట్యం చేస్తారు. చుట్టూ హరానాలు, అంటే చిన్న గిటార్ లాంటి వాయిద్యాలు, పట్టుకుని నిలబడతారు. ఒకరు పాదం ఎత్తుకుంటే ఇంకొకరు బదులు పాడతారు. మన బుర్రకథలో వంతలు అందుకున్నట్టే. అక్కడ పాడేవాళ్లకీ వినేవాళ్లకీ మధ్య గీత ఉండదు. ఆ ప్రాంతం నుంచి వచ్చిన గాయని స్టేజి మీద ఒక్కతే ఉన్నా, జనం ఎక్కడో ఒకచోట అందుకుంటారని తెలిసే పాడుతుంది. అందుకే మెక్సికో షోల్లో నిశ్శబ్దం ఎంత గట్టిగా ఉంటుందో, పల్లవి వచ్చేసరికి హాలంతా పాడటం అంత గట్టిగా ఉంటుంది. చివర్లో "ఓత్రా, ఓత్రా" అని ఇంకో పాట కోసం అరవడం కూడా రివాజు. వాళ్లు మౌనంగా ఉండే ప్రేక్షకులని అనుకోకండి. ఎప్పుడు మౌనంగా ఉండాలో, ఎప్పుడు పాడాలో గాయని చెప్తే వింటారు.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ వేరే గాయనిది. 2020 మార్చి 7న మెక్సికో సిటీ ప్రధాన కూడలి జోకాలోలో, చిలీ గాయని మోన్ లఫెర్తే కచేరీలో, కోఆవిలా రాష్ట్రానికి చెందిన గాయని వీవీర్ కింతానా మహిళల బృందంతో కలిసి స్త్రీల హత్యల మీద తను రాసిన పాట పాడింది. మర్నాడు మహిళా దినోత్సవం. ఆ తర్వాత ఆ పాట ఊరేగింపుల్లో జనం పాడుకునే పాటైపోయింది. దాని బాణీ చూడండి, ఎవరైనా రెండోసారికి అందుకోగలిగేలా కట్టింది. సిల్వానా కూడా 2022లో ఇదే విషయం మీద పాట విడుదల చేసింది. ఆమెది గుంపు పాట కాదు, ఒక్క మనిషి చెప్పుకునే పాట. విషయం ఒకటే, లైవ్‌లో పాడాల్సిన తీరు పూర్తిగా వేరు. మీ పాటల్లో ఏది జనం అందుకునేది, ఏది మీరొక్కరే చెప్పాల్సింది, ముందు విడదీసుకోండి. రెండో రకం పాటతో ప్రోగ్రామ్ మొదలుపెట్టి, మొదటి రకం చివరికి దాచిపెడుతున్నారేమో చూసుకోండి. కేఫ్‌లో అది తిరగబడాలి.

ఇక గది సంగతి. నా పని ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను.

ఆ మధ్య మాంతెర్రే నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఇంకా పెద్దగా పేరు రాలేదు. గిటార్, గొంతు, అంతే. ఆమె పంపిన సౌండ్ కాగితంలో మైక్ ఏది కావాలన్నదానికన్నా ముందు రాసినవి రెండు: పాట నడుస్తున్నప్పుడు బార్‌లో మార్గరీటా మిక్సీ వెయ్యొద్దు, ఐస్ మెషీన్ ఆపగలిగితే ఆపండి. బార్ వాళ్లు మొహం చిట్లించారు. మిక్సీని పాటకీ పాటకీ మధ్యే తిప్పుతామని ఒప్పుకున్నారు. షో మొదలయ్యాక తేడా మా అందరికీ తెలిసింది. మిక్సీ రొద లేకపోవడంతో నేను ఆమె గొంతుని తక్కువ లెవెల్‌లోనే ఉంచగలిగాను. లెవెల్ తక్కువైతే జనం మాట్లాడే గొంతు కూడా తగ్గుతుంది, ఎందుకంటే తమ మాట తమకే పెద్దగా వినపడుతుంది. సౌండ్ పెంచితే జనం ఇంకా గట్టిగా మాట్లాడతారు. కబుర్లని సౌండ్‌తో తొక్కెయ్యాలని చూసేవాళ్లు ప్రతిసారీ ఓడిపోతారు. మీ కేఫ్‌లో కాఫీ గింజలు మరపట్టే గ్రైండర్ ఉంటుంది కదా. మేనేజర్‌ని మర్యాదగా అడగండి, మీరు ప్రశాంతంగా పాడే రెండు పాటలకి మాత్రం ఆపమని. చాలామంది ఒప్పుకుంటారు.

మైక్ దగ్గర మీ నోరు ఎక్కడుందో తెలుసుకోండి. సిల్వానా వీడియోల్లో ఆమె తల కదలిక చూడండి. సన్నగా పాడేటప్పుడు మైక్‌కి దగ్గరగా వస్తుంది, గొంతు విప్పేటప్పుడు వెనక్కి వెళ్తుంది. ఆ పని ఆమె చేసేసుకుంటే సౌండ్ మనిషి ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) మీద చెయ్యి వెయ్యక్కర్లేదు. మామూలు డైనమిక్ మైక్‌కి రెండు మూడు వేళ్ల దూరం మంచిది. మరీ అంటించి పాడితే బేస్ పెరుగుతుంది, మళ్లీ అదే బుంయ్. మీ పాట మీకు వినిపించడానికి మీ ముందు పెట్టే మానిటర్ స్పీకర్ కూడా తగ్గించండి. చిన్న గదిలో మానిటర్ శబ్దం గోడకి కొట్టుకుని హాల్లోకే వస్తుంది, ఫీడ్‌బ్యాక్ కూత కూడా అక్కడే పుడుతుంది.

ఎకో విషయంలో మనవాళ్లకి మోజు ఎక్కువ. తెలుగులో ఒత్తులు, ద్విత్వాలు చాలా. పొడుగు ఎకోలో అవి ఒకదానిమీద ఒకటి పడి మాట మట్టిలో కలిసిపోతుంది. సౌండ్‌చెక్‌లో ఖాళీ గదిలో విని సెట్ చేసింది, జనం నిండాక మారుతుంది. మనుషుల ఒళ్లూ బట్టలూ పై స్వరాలని పీల్చేస్తాయి. కాబట్టి మొదటి పాట అయ్యాక స్నేహితుడెవరినైనా వెనక టేబుల్ దగ్గర నిలబెట్టి, పల్లవిలో మాటలు అర్థమయ్యాయా అని మాత్రం అడగండి. సౌండ్ బావుందా అని అడగొద్దు, అందరూ బావుందనే అంటారు.

బ్యాండ్ ఎప్పుడు కావాలి? నా అభిప్రాయం, ఆరుబయట పాడాల్సి వచ్చినప్పుడు. మెక్సికో సిటీలో 1998 నుంచి జరిగే వీవె లాతీనో లాంటి పెద్ద ఫెస్టివల్లో కొత్తవాళ్లకి మధ్యాహ్నం ఎండలో అరగంటో కాస్త ఎక్కువో ఇస్తారు. పక్క స్టేజి డ్రమ్ములు ఇటు వినపడుతుంటాయి. అక్కడ నిశ్శబ్దం మీద ఆధారపడ్డ పాట నిలబడదు. అందుకే లోపల ఒంటరిగా పాడేవాళ్లు కూడా ఫెస్టివల్‌కి డ్రమ్మర్‌ని తెచ్చుకుంటారు. సిల్వానా కూడా కొన్ని షోల్లో తోడు సంగీతకారులతో పాడుతుంది. ఒంటరితనం ఆమెకి వ్రతం కాదు.

బ్యాండ్ కన్నా ముందు ఒక్క మనిషిని కలుపుకోవడం ఆలోచించండి. చిహువావా రాష్ట్రం నుంచి వచ్చిన కెవిన్ కార్ల్‌ని వినండి. గిటార్‌తో పాడతాడు, అతని సోదరుడు ట్రంపెట్ వాయిస్తాడు. ట్రంపెట్ గొంతు మీద పడదు, పాదం ముగిసిన చోట అందుకుంటుంది. ఉత్తర మెక్సికో గాలి మొత్తం ఆ ఒక్క వాయిద్యంతో వచ్చేస్తుంది. మీకు వేణువో, వయొలినో, డప్పో వాయించే నమ్మకమైన స్నేహితులుంటే అదే నియమం పెట్టండి: గొంతు ఆగినప్పుడే వాళ్ల వంతు.

హాళ్లు ఎంచుకోవడంలో కూడా అక్కడివాళ్లకి ఒక వరస ఉంటుంది. మెక్సికో సిటీలో అయితే ముందు రోమా అనే కాలనీలో చిన్న వేదికలు, తర్వాత దాదాపు వెయ్యి మంది పట్టే లూనారియో, తర్వాత మూడు వేల మంది పట్టే తెయాత్రో మెత్రోపోలితాన్, ఆ తర్వాత పదివేల మంది పట్టే ఆడిటోరియో నాసియోనాల్. తెలివైనవాళ్లు పై మెట్టుకి తొందరపడరు. సగం ఖాళీగా ఉన్న పెద్ద హాలు కన్నా కిక్కిరిసిన చిన్న గది ఒంటరి గాయకులకి చాలా మేలు, శబ్దపరంగా కూడా. మీరు కేఫ్‌లో వారాంతం సాయంత్రం కన్నా, అదే కేఫ్‌లో వారం మధ్యలో ముప్పై నలభై మందికి టికెట్ పెట్టి పాడండి. టికెట్ వందే అయినా సరే. డబ్బు ఇచ్చినవాళ్లు వినడానికి వస్తారు.

ఒక చిన్న మాట. మెక్సికో సిటీ వీడియోలు చూసి ఊపిరి విషయంలో పోల్చుకోకండి. ఆ ఊరు సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది. బయటినుంచి వెళ్లిన గాయకులకి మొదటి రోజుల్లో పొడుగు స్వరాలు సగంలో తెగిపోతాయి, గాలి పొడిగా ఉండి గొంతు తొందరగా ఎండుతుంది. హైదరాబాద్‌లో పాడే మీకు ఆ టెన్షన్ లేదు, కాబట్టి స్వరాన్ని నిలపగలిగినంతసేపు నిలపండి.

వచ్చే ప్రోగ్రామ్‌కి ఇలా చేసి చూడండి. ఆరు పాటలే పెట్టుకోండి. మొదటిది జనం అందుకోగలిగే పల్లవి ఉన్నది. మూడోది గిటార్ లేకుండా మొదలయ్యేది. పాటల మధ్య మాటలు తగ్గించండి, చెప్తే ఆ పాట ఎక్కడ పుట్టిందో ఒక వాక్యంలో చెప్పండి. వెనక టేబుల్ మీద ఫోన్ పెట్టి మొత్తం రికార్డ్ చేసి, ఆ ఫైల్ ఇక్కడ పెట్టండి. మీ పికప్ ఏ రకందో, కేఫ్‌లో మిక్సర్‌కి లో కట్ బటన్ ఉందో లేదో కూడా రాయండి. విని, ఏ ఫ్రీక్వెన్సీ ఎంత తగ్గించాలో చెప్తాను.